అనాగతమునకు ప్రమాణమేది? దామగుండము అడవి, నూతనయంత్రములు, ఆస్తికుల మౌనము



వికారాబాద్ జిల్లా పూడూరు మండలమున దామగుండము అను అరణ్యము కలదు. అందు శ్రీ రామలింగేశ్వరస్వామి వెలసియున్నాడు. 2024 జనవరిలో ఆ అరణ్యమునుండి 1,174 హెక్టారులు, అనగా సుమారు 2,900 ఎకరములు, భారత నౌకాదళమునకు అప్పగింపబడినవి. ఆ సంవత్సరమే అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సమక్షమున, అచ్చట ప్రసారకేంద్రమునకు శంకుస్థాపన చేసినారు. వ్యయము సుమారు 3,200 కోట్ల రూపాయలని, 2027 నాటికి పూర్తిచేయుట లక్ష్యమని ప్రకటించినారు. జనులు దీనిని రాడార్ స్టేషన్ అనుచున్నారు గాని ఇది రాడారు కాదు. సముద్రగర్భమున సంచరించు జలాంతర్గాములకు అతి తక్కువ పౌనఃపున్యము గల రేడియో తరంగములద్వారా సందేశములు పంపు వి.ఎల్.ఎఫ్. కేంద్రము. తమిళనాడు తిరునెల్వేలి జిల్లాలో 1990లో ప్రారంభమైన ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ ఇట్టి కేంద్రములలో మొదటిది. ఇది రెండవది.

శంకుస్థాపన జరిగిన పిమ్మట ఆస్తికలోకమున ఒక విచిత్రమైన తృప్తి వ్యాపించినది. "గుడికి ఏమీ కాదట, దర్శనమునకు దారి విడుతురట, ఇంక మనకేల?" అనుచున్నారు. ఈ వ్యాసము ఆ తృప్తికి విరుద్ధముగా వ్రాయబడినది. దేశరక్షణకు విరుద్ధముగా వ్రాయబడినది కాదు. భవిష్యత్తులో కలుగబోవు హానిని గణించుటలో ఉభయపక్షములవారును ప్రమాణమార్గమును విడిచినారనియు, గుడితలుపు తెరచియుండిన చాలునను భక్తుడు క్షేత్రము అనగా ఏమో మరచినాడనియు చెప్పుటయే దీని ప్రయోజనము.

అనాగతము ఎట్లు తెలియును?

రాబోవు దానిని కన్నులు చూడజాలవు. ఇంద్రియమునకు అర్థముతో సన్నికర్షము కావలెను. ఇంకను పుట్టని వస్తువుతో సన్నికర్షము ఎట్లు కలుగును? కావున అనాగతవిషయమున మనకు మిగిలినది అనుమానప్రమాణమే. గౌతమమహర్షి న్యాయశాస్త్రమున అనుమానమును మూడు విధములుగా విభజించినాడు. కారణమునుండి కార్యమును ఊహించుట పూర్వవత్తు: మేఘము దట్టమైనది కావున వాన కురియును. కార్యమునుండి కారణమును ఊహించుట శేషవత్తు: ఏరు నిండి బురదనీటితో పొంగుచున్నది కావున ఎగువను వాన కురిసినది. సామాన్యముగా చూచిన సంబంధముచేత కంటికి కానరాని దానిని ఊహించుట సామాన్యతోదృష్టము.

మన ప్రభుత్వములు 'పర్యావరణ ప్రభావ అంచనా' అని పిలుచునది ఈ పూర్వవదనుమానమే. మన దేశమున 1994లో మొదటి నోటిఫికేషను ద్వారా ఇది విధింపబడినది. 2006 సెప్టెంబరు 14నాటి నోటిఫికేషను దాని స్థానమున వచ్చినది. కర్మాగారమో, గనియో, ఆనకట్టయో నిర్మించుటకు పూర్వము దానివలన నీటికి, గాలికి, జీవులకు ఏమగునో ముందుగా ఊహించి వ్రాయవలెనని దాని తాత్పర్యము. ఉద్దేశ్యము శ్లాఘనీయమే. కాని అనుమానము ప్రమాణము కావలెనన్న హేతువు శుద్ధముగా ఉండవలెను. హేతువు దుష్టమైనచో అది అనుమానము కాదు, హేత్వాభాసము. అచ్చువేసి, పటములు జతచేసి, సంతకములు పెట్టినంతమాత్రాన హేత్వాభాసము ప్రమాణము కాజాలదు.

న్యాయశాస్త్రమునందే ఒక గొప్ప ఆక్షేపము కలదు. ఏరు నిండుట వానవలననే కానక్కరలేదు, దిగువను అడ్డుకట్ట వేసినను నిండును. చీమలు గ్రుడ్లను మోసుకొనిపోవుట రాబోవు వానకు సూచన అందురు గాని, వాటి పుట్టను ఎవరైన చెదరగొట్టినను అవి అట్లే పోవును. కావున అనుమానమును నమ్మరాదని పూర్వపక్షి వాదించును. సిద్ధాంతి సమాధానము: ఆ రెండును ఒకే హేతువులు కావు. వాననీటితో నిండిన ఏరు వేగముగా, నురుగుతో, కొట్టుకొనివచ్చిన ఆకులు కొమ్మలతో పారును. అడ్డుకట్టచే నిండిన ఏరు అట్లు పారదు. దోషము అనుమానమునందు లేదు, సరిగా చూడని వానియందున్నది. ఈ ఒక్క పాఠమును మనసున నిలుపుకొని దామగుండమునకు పోవుదము.

తిరునెల్వేలి దృష్టాంతము

ప్రభుత్వపక్షమున వినవచ్చు ప్రధానవాదము ఇది. తిరునెల్వేలిలో 1990 నుండి ఇట్టి కేంద్రము నడచుచున్నది, అచ్చటి జనులకు హాని కలుగలేదు, కావున ఇచ్చటను కలుగదు. దీనిని పంచావయవములలో నిలిపి చూడుడు. "దామగుండమునకు హాని లేదు" అనునది ప్రతిజ్ఞ. "వి.ఎల్.ఎఫ్. కేంద్రమగుటవలన" అనునది హేతువు. "కట్టబొమ్మన్ కేంద్రమువలె" అనునది ఉదాహరణము. వినుటకు చక్కగనే ఉన్నది.

కాని ఇందు ఉపాధి దాగియున్నది. నిప్పున్నచోటనెల్ల పొగయుండునని ఒకడు వాదించినచో, తడికట్టె ఉన్నప్పుడే పొగయుండునని తార్కికుడు ఉపాధిని చూపును. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. అట్లే తిరునెల్వేలి కేంద్రమున్నది ఎండిన మైదానప్రదేశమున. దామగుండమున్నది దక్కను పీఠభూమి కొండలమీద, వాగులు పుట్టు అడవియందు. అచ్చట నిర్మాణమునకు తొలగించినదేమి, ఇచ్చట తొలగింపవలసినదేమి? అచ్చటి నేలపై పడిన వాన ఎచ్చటికి పోవును, ఇచ్చటిది ఎచ్చటికి పోవును? ఈ భేదమును పరిగణింపని దృష్టాంతము దృష్టాంతము కాదు. రెండు కేంద్రములకు సామ్యము యంత్రమునందే గాని నేలయందు లేదు. మన ప్రశ్నయో నేలను గురించినది.

ఇంకొక దోషము దీనికంటె సూక్ష్మమైనది. "అడవి పోయిన నీరేమగును?" అని అడిగినవానికి "తరంగములవలన హాని లేదు" అని బదులిచ్చుట నిగ్రహస్థానములలో అర్థాంతరము. వాదసభయందు ప్రకృతవిషయమును విడిచి వేరొకదానిని చెప్పినవాడు ఓడినవాడే. తరంగములు నిర్దోషములని ఎంత గట్టిగా నిరూపించినను, చెట్లు కొట్టుట, దారులు వేయుట, కంచె కట్టుట, సిబ్బందికి నివాసములు నిర్మించుట నిర్దోషములని దానివలన సిద్ధింపదు.

మన పక్షమువారి దోషము

ఈ అర్థాంతరమునకు అవకాశమిచ్చినది ఎవరు? అడవిని కాపాడుదమని బయలుదేరినవారిలో కొందరే. "రేడియేషన్ వచ్చి గర్భములు నిలువవు, పశువులు చచ్చును, క్యాన్సర్ వచ్చును" అని వాట్సాప్ సందేశములలో, మైకులలో ఘోషించినారు. ఇది సత్యమార్గము కాదు. వి.ఎల్.ఎఫ్. తరంగముల పౌనఃపున్యము 3 నుండి 30 కిలోహెర్ట్జులు. తరంగదైర్ఘ్యము 10 నుండి 100 కిలోమీటర్లు. ఇవి ఎక్స్‌కిరణములవలె పరమాణువులను చీల్చు జాతివి కావు. అతి సమీపమున క్షేత్రము మిక్కిలి తీవ్రమైనచో శరీరమున విద్యుత్ ప్రవాహమును ప్రేరేపించి నాడులను ఉత్తేజింపగలవు గనుక అంతర్జాతీయ పరిమితులు విధింపబడినవి. ఆ పరిమితులను పాటించి దూరము ఉంచినచో ఊరివారికి భయకారణము లేదు.

అబద్ధపు భయమువలన కలిగిన నష్టము చూడుడు. ప్రతిపక్షికి సులభముగా ఖండింపదగిన వాదమును మనమే చేతికిచ్చినాము. అతడు దానిని ఖండించి, సర్వమును ఖండించినట్లు సభకు నమస్కరించి వెడలినాడు. నీటిని గురించిన ప్రశ్న సభలో అట్లే నిలిచిపోయినది. ధర్మపక్షమున నిలిచితినను గర్వముతో అసత్యహేతువును పలికినవాడు ధర్మమునకు సాయపడడు, దాని కాలు విరుచును.

చెట్ల సంఖ్య విషయమునను ఇదే గతి. ఎన్ని చెట్లు కొట్టవలసివచ్చునో ఉభయపక్షముల లెక్కలు ఎన్నోరెట్లు భేదించుచున్నవి. చెట్టు పరోక్షవస్తువు కాదు. నేలమీద నిలిచియున్నది, లెక్కింపవచ్చును. ప్రత్యక్షగోచరమైన వృక్షసంఖ్యయందే ఏకాభిప్రాయము లేనప్పుడు, ఇరువది సంవత్సరముల తరువాత భూగర్భజలము ఎంతలోతునకు దిగునో అను అనుమానమును ఏ ధైర్యముతో నమ్ముదుము? ధూమమునే చూడనివాడు వహ్నిని నిర్ణయించినట్లున్నది.

తాండూరు నేర్పు పాఠము

పూర్వవదనుమానము కష్టమైనచో శేషవత్తును ఆశ్రయింపుడు. గడచిన కార్యములను చూచి కారణములను గుర్తించుటకు మన జిల్లాయందే తాండూరు కలదు. నేలక్రింద సున్నపురాయి. దానినుండి నాపరాతి బండలు, ఆ బండలకు నునుపుపెట్టు పాలిషింగ్ యూనిట్లు, అదే రాతినుండి సిమెంటు. ఎందరో కూలీల ఇండ్లలో పొయ్యి వెలిగించినది ఆ రాయియే. దేశమంతట ఇండ్లకు, ఆలయప్రాకారములకు నేలపరచినదియు ఆ బండయే. దానిని నిందింపను.

కాని తాండూరు వీథులలో లారీలవెనుక లేచు ధూళిని, గనులచుట్టు పేర్చిన పనికిరాని రాతిగుట్టలను, పాలిషింగ్ నీటితో కలిసి గట్టిపడిన తెల్లని బురదను చూచినవాడు ఒక ప్రశ్న వేయవలెను. వీటిలో ఏది మొదటినాడు లెక్కింపబడినది? ఒక్కొక్క గని చిన్నది. ఒక్కొక్క యూనిట్ చిన్నది. విడివిడిగా చూచినచో ఏ ఒక్కటియు ఊరిని కప్పజాలదు. అన్నియు కలిసినప్పుడు ఊపిరి బరువైనది. విడివిడిగా అల్పములైనవి సముదాయముగా అనల్పములగుననుటకు దారములు పేని మోకు చాలును. అయినను మన అంచనాలు నేటికిని ప్రధానముగా ఒక్కొక్క ప్రాజెక్టును విడదీసి తూచుచున్నవి. మోకు గొంతునకు చుట్టుకొనినప్పుడు ఏ దారము దోషియని అడిగినచో ఏమి చెప్పుదుము?

ఇంకొక విషయము వినుడు. తాండూరు కందిపప్పునకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ కందికి ఆ రుచి ఎచ్చటినుండి వచ్చినది? అచ్చటి నల్లరేగడిలోని అట్టపుల్గైట్ అను బంకమట్టి, ఆ ప్రాంతపు సున్నపురాతి నిక్షేపములు కారణములని ఆ గుర్తింపునకు చూపిన వివరణ. గనివాడు రాయి అని చూచినదానినే కందిమొక్క ఆహారముగా చూచినది. ఒకే పదార్థమున ఇన్ని సంబంధములు దాగియుండగా, రాయిని టన్నులలో మాత్రమే కొలిచిన లెక్క సత్యమెట్లగును? అడవిని ఎకరములలోను, చెట్లసంఖ్యలోను మాత్రమే కొలిచిన లెక్కయు అట్టిదే.

సందిగ్ధకాలమున ఏమి చేయవలెను?

పాశ్చాత్యులలోను ఈ చిక్కును గుర్తించినవారు కలరు. డేవిడ్ కాలింగ్‌రిడ్జ్ అను ఆంగ్లపండితుడు 1980లో చెప్పిన సంగతి ఇది. యంత్రవిద్య లేతగా ఉన్నప్పుడు దానిని మలచుట సులభము, కాని దాని ఫలితములు తెలియవు. ఫలితములు తెలియునాటికి అది సమాజమున వేరుదన్నియుండును, మలచుట దుష్కరము. ఉదాహరణమునకు దూరము పోనక్కరలేదు, మన ఇంటిలోని ఫ్రిజ్ చాలును. అందు వాడిన క్లోరోఫ్లోరోకార్బనులు మండవు, విషము కావు అని మెచ్చి లోకమంతయు వాడినది. అవి ఓజోను పొరను తినివేయునని మోలీనా, రోలాండ్ అను శాస్త్రజ్ఞులు 1974లో అనుమానప్రమాణముచే చెప్పినారు. 1985లో దక్షిణధ్రువముపైన ఆ పొర పలుచబడుట ప్రత్యక్షమైనది. 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరినది. శుద్ధమైన అనుమానము ప్రత్యక్షముకంటె పదునొకండు సంవత్సరములు ముందు నడచినది. దానిని విన్నవారు కొందరుండుటచేతనే ఒప్పందము అంత త్వరగా వచ్చినది.

పతంజలి మహర్షి సాధనపాదమున వదలదగిన దుఃఖము ఏదియో నిర్ణయించినాడు. గడచిన దుఃఖము అనుభవింపబడిపోయినది. వర్తమానదుఃఖము అనుభవమునందే ఉన్నది. ఇంకను రానిదియే పరిహరింపదగినది. ఇది నిరాశావాదము కాదు, పురుషప్రయత్నమునకు క్షేత్రనిర్దేశము. అనాగతము సందిగ్ధమని చేతులు ముడుచుకొని కూర్చుండువానికి యోగశాస్త్రము ఆశ్రయమీయదు. సందిగ్ధమైనప్పుడు వెనుకకు మరలగల అడుగును వేయుము, మరలరాని అడుగును ఆపుము అని ఆచరణధర్మము. గోపురమునకు రంగు వేసి మార్చవచ్చును. నీటిబుగ్గ ఎండినచో దానిని ఎవడు మరల పిలువగలడు?

మన నేలపైననే ఇట్టి దూరదృష్టి ఒకప్పుడు కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి హైదరాబాద్‌ను ముంచినది. విశ్వేశ్వరయ్యగారు వచ్చి పరిశీలించి, ఎగువను జలాశయములు నిర్మింపవలెనని సూచించినారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ నిలిచినవి. జరిగిన కార్యమునుండి కారణమునకును, కారణమునుండి రాబోవు కార్యమునకును నడచిన నిర్దుష్టమైన అనుమానము అది. ఆ మూసీ జన్మస్థానము మన అనంతగిరియే. కృష్ణపరమాత్మ పాదములను ముచుకుందుడు కడిగిన జలము ముచుకుందానదియై ప్రవహించినదని స్థలపురాణము. ఆ కొండలనుండి మూసీ తూర్పునకును, కాగ్నా తాండూరు మీదుగా పడమరకు భీమవైపునకును పోవును. చివరకు రెండింటి నీరును కృష్ణలోనే కలియును. ఇట్టి జలవిభాజకమునకు చేరువనున్న అడవిని సాధారణమైన ఖాళీస్థలమువలె చూచుట విద్య కాదు.

నిరూపణభారము ఎవరిది?

"హాని కలుగునని మీరు నిరూపింపుడు" అని ఊరివారిని అడుగుట నేడు పరిపాటియైనది. ఇది వాదనియమమునకు విరుద్ధము. ప్రతిజ్ఞ చేసినవాడే హేతువును చెప్పవలెను. ఉన్న అడవిని ఉన్నట్లు ఉంచుమనువాడు క్రొత్త ప్రతిజ్ఞ చేయుట లేదు. దానిని మార్తుననువాడే, మార్చినను హాని లేదని ప్రతిజ్ఞ చేయుచున్నాడు. నిరూపణభారము అతనిది.

ఇది నా స్వకపోలకల్పితము కాదు, ఈ దేశపు న్యాయస్థానముల మాటయు ఇదియే. వెల్లూరు పౌరుల కేసులో సుప్రీంకోర్టు 1996లో ముందుజాగ్రత్త సూత్రమును మన చట్టములో భాగముగా అంగీకరించి, తన పని నిరపాయకరమని చూపవలసిన భారము ఆ పని చేయదలచినవానిదే అన్నది. 1999లో అదే న్యాయస్థానము ఆ సూత్రమును విస్తరించి చర్చించిన కేసు మన పరీవాహకప్రాంతమునకు చెందినదే. హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్‌ల సమీపమున పరిశ్రమకు అనుమతి విషయమై ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణమండలి నడిపిన వ్యాజ్యము అది. శాస్త్రజ్ఞానము అసంపూర్ణమైన చోట తాగునీటిని పణముగా పెట్టరాదను దృష్టి అందు కలదు. 1996 మార్చి 8నాటి 111వ జీవో ఆ జలాశయములచుట్టు పది కిలోమీటర్లమేర, 84 గ్రామములలో, కాలుష్యకారక నిర్మాణములను నిషేధించినది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69వ జీవో ఆ ఆంక్షలను తొలగింపబూనినది. నీటికి ఇచ్చిన మాట ఒక తరముకాలమైన నిలువకున్న, అడవికి నేడు ఇచ్చు మాటల ఆయుష్షు ఎంత?

దేశరక్షణకు సంబంధించిన ప్రాజెక్టులకు 2006 నోటిఫికేషనులోనే ప్రజాభిప్రాయసేకరణనుండి మినహాయింపు కలదు. రహస్యము అవసరమే, దానిని కాదనను. శత్రువునకు తెలియరానివి పౌనఃపున్యము, సంకేతభాష, యంత్రశక్తి. కాని బావిలో నీరెన్ని గజముల లోతున ఉన్నదో సైనికరహస్యమా? వాగు ఏ నెలలో ఎండుచున్నదో, ఏ పక్షి గూడు కట్టుట మానినదో శత్రువునకు చేరినచో జలాంతర్గామి మునుగునా? మినహాయింపు రహస్యమునకు ఇచ్చినది, నిర్లక్ష్యమునకు ఇచ్చినది కాదు. ప్రజలను అడుగనక్కరలేని చోట ప్రజలకు చెప్పవలసిన బాధ్యత రెట్టింపగును.

ప్రతినిధి వనము

"పోయిన అడవికి బదులు వేరొకచోట మొక్కలు నాటుదుము" అను మాటను మీమాంసాదృష్టితో పరిశీలింపవలెను. అటవీభూమిని మళ్లించినప్పుడు పరిహారవనీకరణమునకు నిధి చెల్లింపవలెనని చట్టము. 2016లో ప్రత్యేకశాసనమే వచ్చినది. ఇది ప్రతినిధి వాదము. జైమినిమహర్షి ఆరవ అధ్యాయమున ప్రతినిధిని విస్తరించి విచారించినాడు. యాగమునకు వ్రీహులు లభింపనప్పుడు నీవారములు గ్రాహ్యములు. సోమలత దొరకనిచోట పూతిక గ్రాహ్యము. కాని నియమములున్నవి. ప్రతినిధి మూలద్రవ్యమునకు సదృశమై ఉండవలెను. మూలము లభింపనప్పుడే ప్రతినిధి. చేతిలోనున్న వ్రీహులను పారబోసి నీవారములకై పరుగెత్తుమని ఏ శాస్త్రమును చెప్పలేదు. మఱియు దేవతకు, మంత్రమునకు, అగ్నికి ప్రతినిధి లేనేలేదు.

చెట్టునకు చెట్టు ప్రతినిధి కావచ్చును. వందలయేండ్లుగా పొరలుగా ఏర్పడిన అడవినేలకు, దానిలో ఇంకి వాగై బయలుదేరు నీటికి, ఆ స్థలమునకు ప్రతినిధి ఏది? వేరొక జిల్లాలో నాటిన మొక్క దామగుండము వాగును పారింపదు. కోనేరు ఎండినదని ట్యాంకరు నీటితో అభిషేకము చేసినచో కర్మ జరిగినట్లే కనబడును. కాని తీర్థము పోయినది, నీరు మాత్రము మిగిలినది.

భక్తులతో ఒక మాట

ఇంక గుడిదారి లభించినదని సంతసించువారితో మాటాడుదును. దామగుండము అను పేరులోనే గుండము కలదు. మన పూర్వులు స్వామి వెలసిన చోటును నీటిపేరుతో పిలిచినారు. లింగమునకు కావలసినవి బిల్వదళము, జలధార. రెండును అడవియే ఇచ్చును. క్షేత్రమనగా నాలుగుగోడల గర్భాలయము కాదు. వృక్షము, తీర్థము, గిరి, అచ్చటి ప్రాణులు కలిసి క్షేత్రము. అడవిని ఇచ్చివేసి గుడిని అడుగుకొనుట, దేహమును అమ్మి ఆభరణమును దాచుకొనినట్లున్నది. మన మౌనము ఎవరికి ఉపకరించినదో ఆలోచింపుడు. "భక్తులు తృప్తిగా ఉన్నారు" అను వాక్యము ఏ ఫలకముపై వ్రాయబడకున్నను, ప్రతి గొడ్డలిపిడిమీదను వ్రాయబడియున్నది.

దేశరక్షణ రాజధర్మము. జలాంతర్గామిలో నెలలతరబడి సూర్యుని చూడక మనకై కాపలాకాయు సైనికునికి సందేశము చేరవలెను, అందు సందేహము లేదు. కాని రక్షణ అనగా దేనిని రక్షించుట? ఎల్లలను మాత్రమే రక్షించి, ఎల్లలలోపలి నదులను విడిచినచో రక్షింపబడినది పటము మాత్రమే. కేంద్రము కట్టబడుచున్న నేడైనను అడుగవలసినవి ఇవి. అడవిలో నేడున్న బుగ్గలను, వాగులను, బావుల నీటిమట్టమును, పక్షిమృగములను స్వతంత్రశాస్త్రజ్ఞులు లెక్కించి తెలుగులో ప్రకటింపవలెను. ఆ లెక్కను సంవత్సరమునకొకసారి అదే స్థలములలో మరల తీయవలెను. నీటిమట్టము ఇంత దిగినచో, ఈ వాగు ఆగినచో పనిని ఆపుదుము లేక మార్తుము అని హద్దును ముందుగానే వ్రాయవలెను. హద్దు చెప్పని హామీ హామీ కాదు, ఓదార్పు. కొట్టకుండ మిగిల్చిన చెట్లను ఇక ముందు కొట్టబోమని శాసనరూపమున చెప్పవలెను. వికారాబాద్, తాండూరులలో రాబోవు ప్రతి గనిని, కర్మాగారమును, కేంద్రమును వేర్వేరుగా గాక ఒకే పరీవాహకముగా కలిపి తూచవలెను.

ఈ ప్రశ్నలు దామగుండముతో ముగియునవి కావు. విశాఖపట్టణమున పదునైదు బిలియన్ డాలర్లతో డేటా కేంద్రము నెలకొల్పుదుమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినది. అట్టి కేంద్రములకు విద్యుత్తు కావలెను, వేడిని చల్లార్చుటకు బహుధా నీరు కావలెను. రేపు వేరొకటి వచ్చును. యంత్రము క్రొత్తదైనను ప్రశ్న ప్రాతదే: హేతువు శుద్ధమా, దృష్టాంతము సమమా, ఉపాధి ఏది, భారము ఎవరిది, మరలివచ్చు దారి కలదా? ఈ ఐదు ప్రశ్నలు వేయుటకు ఇంజనీరు కానక్కరలేదు. తర్కసంగ్రహము చదివిన బాలుడైనను వేయగలడు. వేయకపోవుటకు కారణము అజ్ఞానము కాదు, ఉపేక్ష.

ప్రతిదినము పూజకు కూర్చుండి సంకల్పమున దేశకాలములను చెప్పుచున్నాము. ఆచమనము చేసిన పిమ్మట ఏ నదుల నడుమ కూర్చుండి ఈ కర్మ చేయుచున్నామో పలుకుచున్నాము. ఆ నదులు పారుచున్నంతవరకే ఆ వాక్యము సత్యము. అర్చకుడు అసత్యముతో సంకల్పము చేయరాదు, భక్తుడు చేయింపరాదు. కావున నీటిని గురించి అడుగుట రాజకీయము కాదు. అది సంకల్పమునకు అంగము.

సర్వం శ్రీ పరమేశ్వరార్పణమస్తు.